అందరూ రాసే కోడ్ మీద పేటెంట్ వేస్తారట, నా పేరు పెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, నాకు 27 ఏళ్లు. గచ్చిబౌలిలో ఒక అమెరికా కంపెనీ ఆఫీసులో పేమెంట్స్ టీమ్‌లో పనిచేస్తున్నా. బ్యాంకు సర్వర్ జవాబివ్వకపోతే మా ప్రోగ్రామ్ ఒక సెకను ఆగి మళ్లీ అడుగుతుంది. అప్పుడూ రాకపోతే రెండు సెకన్లు, తర్వాత నాలుగు, ఎనిమిది, అలా పెంచుకుంటూ పోతుంది. అందరి రిక్వెస్టులూ ఒకేసారి వెళ్లి మీద పడకుండా ఆ విరామాన్ని ర్యాండమ్‌గా కాస్త అటూ ఇటూ జరుపుతాం. దీనికి నేను ఒకటి కలిపాను. ఏ బ్యాంకు ఏ తేదీల్లో, ఏ వేళల్లో మొరాయిస్తుందో పాత లాగ్స్ నుంచి తీసి, మొదటి విరామం ఎంత ఉండాలో ముందే నిర్ణయించేలా చేశాను. ఇప్పుడు మా మేనేజర్ మొత్తం మీద అమెరికాలో పేటెంట్ వేద్దామంటున్నారు. వేసినప్పుడు కొంత, వచ్చినప్పుడు ఇంకొంత డబ్బు ఇస్తారు. ఇది అందరూ చేసేదే కదా సార్ అంటే, అది చూసుకోవడం పేటెంట్ ఆఫీసు పని, మనం వేయడం వరకే అన్నారు. ఆయన పేరూ, ఆయన పైనున్న డైరెక్టర్ పేరూ కూడా పెట్టాలట. పోటీ కంపెనీల నుంచి కాపాడుకోవడానికే గానీ ఎవరి మీదా వాడం అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా బావేమో అమెరికా గ్రీన్‌కార్డు కోసం వేసే ఈబీ-1కి పనికొస్తుంది, వదలొద్దు అంటున్నాడు. శుక్రవారం లోపు ఫారం నింపాలి. టెన్షన్‌గా ఉంది. సంతకం పెడితే రేపు నా మీదకి ఏమైనా వస్తుందా? పెట్టనంటే ఉద్యోగానికి ఇబ్బందా?

సమాధానం: తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తా. మొత్తం మీద వద్దు. నువ్వు కలిపిన ఆ ముక్క వరకైతే పెట్టొచ్చు, అదీ నీకు తెలిసినదంతా ఫారంలో రాసి ఇచ్చిన తర్వాతే. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని విరామం రెట్టింపు చేసుకుంటూ పోవడాన్ని ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ అంటారని నీకు తెలుసు. బీటెక్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టులో ఈథర్‌నెట్ గురించి చదివినప్పుడే వచ్చి ఉంటుంది. ఒకే తీగ మీద రెండు కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడి గుద్దుకుంటే, రెండూ ర్యాండమ్‌గా కాసేపు ఆగాలి, మళ్లీ గుద్దుకుంటే ఆగే సమయపు హద్దు రెట్టింపు చేయాలి. జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేసిన మెట్‌కాఫ్, బాగ్స్ ఈథర్‌నెట్ మీద తమ పేపర్ 1976లో అచ్చేశారు. అంటే నువ్వు పుట్టడానికి ఇరవై ఏళ్లు ముందే లోకం చేతికొచ్చిన సంగతి. ఆ ర్యాండమ్ జరుపుడు ఉంది చూశావూ, జిట్టర్ అంటారు, క్లౌడ్ సర్వర్లకి దాన్ని ఎలా వాడితే బాగుంటుందో అమెజాన్ ఇంజనీర్లు 2015లోనే గ్రాఫులు గీసి మరీ బహిరంగంగా రాసిపెట్టారు. ఇవి రెండూ నీవి కావు, మీ మేనేజర్‌వీ కావు, ఎవరివీ కావు. ఎవరివీ కాకపోవడం వల్లే మనమంతా వాడుకోగలుగుతున్నాం.

ఇక 'పేటెంట్ ఆఫీసు చూసుకుంటుంది' అన్న మాట. ఇది చాలామంది మంచివాళ్లు కూడా నిజమనుకునే మాట, అందుకే దీని దగ్గర కాస్త ఆగాలి. అక్కడి ఎగ్జామినర్ చెడ్డవాడు కాదు, చదువుకోనివాడూ కాదు. కానీ అతని చేతిలో ఉండేది కొద్ది గంటల సమయం, వెతకడానికి పాత పేటెంట్లు, అచ్చయిన పేపర్లు. ఏదైనా ముందే ఉందని కొట్టేయాలంటే దానికి కాగితం చూపించాలి. మరి ప్రోగ్రామర్లు రోజూ చేసే పనులకి కాగితం ఎక్కడుంటుంది? అందరికీ తెలిసినదాన్ని ఎవరూ పేపర్ రాసి అచ్చేయించరు. ఎంత మామూలు పని అయితే అంత తక్కువ రాతలో ఉంటుంది. ఆ ఖాళీలోంచే ఇలాంటి పేటెంట్లు బయటికొస్తాయి.

పసుపు సంగతి గుర్తుందా? వేలు తెగితే మన ఇంట్లో అమ్మ మొదట చేసే పని పసుపు అద్దడం. 1995లో అమెరికాలో, గాయాలు మానడానికి పసుపు వాడడం మీద పేటెంట్ ఇచ్చేశారు. తీసుకున్నవాళ్లూ మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. దాన్ని రద్దు చేయించడానికి మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడుం కట్టాల్సి వచ్చింది. 'మా ఇళ్లల్లో అందరూ చేస్తారండీ' అంటే అక్కడ చెల్లదు. పాత గ్రంథాలు, 1953లో మన వైద్యుల పత్రికలో వచ్చిన వ్యాసం, ఇలా కాగితాలు వెతికి తెచ్చి, అనువాదాలు చేయించి ముందు పెడితే 1997లో కొట్టేశారు. కోట్లమంది చేతికి తెలిసిన విషయానికి కూడా కాగితమే సాక్ష్యం కావాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో మనకి సీఎస్ఐఆర్ లాంటి పెద్దదిక్కు కూడా లేదు.

నమ్మకం కుదరకపోతే, గూగుల్ పేటెంట్స్‌లో 7028023 అని అమెరికా నంబరు కొట్టి చూడు. శీర్షిక రెండే ముక్కలు: లింక్డ్ లిస్ట్. అవును, మనం డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో సి భాషలో రాసిన లింక్డ్ లిస్టే. 2002లో దరఖాస్తు, 2006 ఏప్రిల్‌లో మంజూరు. లోపల ఉన్నది ఏమిటంటే, జాబితాలోని ఒక్కో అంశానికి, తర్వాతిది ఎక్కడుందో చూపే పాయింటర్ ఒకటే కాకుండా ఇంకోటి కూడా పెడితే, అవే అంశాలను రెండో వరుసలో కూడా చదువుకుంటూ వెళ్లొచ్చు అని. ఉద్యోగుల జాబితాని పేరు ప్రకారం ఒకసారి, జీతం ప్రకారం ఒకసారి చూపించాల్సి వచ్చిన ఏ విద్యార్థి అయినా అరగంట ఆలోచిస్తే వచ్చేదే. నేను మొదటిసారి అది చదివినప్పుడు చాలాసేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నా, నిజంగా బాధేసింది.

ఇప్పుడు నీ సంతకం దగ్గరికి వద్దాం. కంపెనీ ఫారం మీద పెట్టే సంతకం వేరు. దరఖాస్తుతో పాటు అమెరికా పేటెంట్ ఆఫీసుకి వెళ్లే డిక్లరేషన్ ఒకటి ఉంటుంది, అది నీ పేరు మీద, నీ చేత్తో. క్లెయిమ్ చేసిన ఆవిష్కరణకి అసలు ఆవిష్కర్తని నేనే, లేదా ఆవిష్కర్తల్లో ఒకడిని అని నమ్ముతున్నా అని అందులో ఉంటుంది. కావాలని అబద్ధం చెప్తే జరిమానా గానీ, అయిదేళ్ల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని ఒప్పుకుంటున్నానన్న వాక్యం కూడా అందులోనే ఉంటుంది. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇలాంటి పేటెంట్ల మీద పేరున్న ఇంజనీర్లని జైల్లో పెట్టేస్తారని కాదు. అది లాంఛనం కాదు, ఒక మనిషి ఇచ్చే మాట అని తెలియాలని చెప్తున్నా.

దానికి తోడు ఇంకో బాధ్యత ఉంది, చాలామంది మేనేజర్లకి తెలియనిది ఇదే. దరఖాస్తులో ఇన్వెంటర్‌గా పేరున్న ప్రతి ఒక్కరూ, దాన్ని రాసే పేటెంట్ లాయర్ (అటార్నీ) కూడా, ఆ పేటెంట్ ఇవ్వాలా వద్దా అన్నదానికి ముఖ్యమైన పాత సమాచారం తమకి తెలిసి ఉంటే దాన్ని పేటెంట్ ఆఫీసుకి చెప్పి తీరాలి. తెలిసి, మోసం చేసే ఉద్దేశంతో దాచారని తర్వాత కోర్టులో తేలితే ఆ ఒక్క క్లెయిమ్ (ఇంతవరకు మాది అని చెప్పే వాక్యం) కాదు, మొత్తం పేటెంటే చెల్లకుండా పోతుంది. అంటే 'చూసుకోవడం వాళ్ల పని' అన్నది చట్టం ప్రకారం కూడా తప్పు. వెతకాల్సిన బాధ్యత నీకు లేదు, నిజమే. కానీ నీకు ఇప్పటికే తెలుసు. తెలుసు కాబట్టే నాకు ఉత్తరం రాశావు.

పేర్ల విషయం కూడా ఇంతే. మర్యాద కోసం పెద్దాయన పేరు కలపడం మన ఆఫీసుల్లో మామూలైపోయింది. అమెరికా చట్టంలో మాత్రం కనీసం ఒక క్లెయిమ్‌లోని ఆలోచన పుట్టడంలో చేయి ఉన్నవాళ్లే ఇన్వెంటర్లు. బడ్జెట్ ఇచ్చినవాళ్లు, మీటింగ్ పెట్టినవాళ్లు, కోడ్ రివ్యూలో 'బాగుంది' అన్నవాళ్లు కారు. తప్పు పేర్లు పెట్టి సరిదిద్దకపోతే ఆ కారణంతోనే పేటెంట్ పోవచ్చు. ఈ మాట నువ్వు డైరెక్టర్‌కి చెప్పక్కర్లేదు. 'ఏ క్లెయిమ్‌లో ఎవరి భాగం ఎంతో రాయమని అటార్నీ అడుగుతారట సార్, మీ భాగం ఏమని రాయమంటారు' అని ఒక్క ప్రశ్న మేనేజర్‌ని మర్యాదగా అడుగు.

'ఎవరి మీదా వాడం' అన్న హామీ గురించి. ఆ మాట అన్నప్పుడు మీ మేనేజర్ మనస్ఫూర్తిగానే అని ఉంటారు. కానీ పేటెంట్ ఆయుష్షు దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏళ్లు. మేనేజర్ ఆ కుర్చీలో ఎన్నేళ్లు ఉంటారు? ఆండీ బయో అని ఒక అమెరికా ప్రోగ్రామర్, తన చిన్న కంపెనీని 2005లో యాహూకి అమ్మి అందులో చేరాడు. ఆత్మరక్షణ కోసమేనన్న మాట నమ్మి పేటెంట్ దరఖాస్తుల మీద సంతకాలు పెట్టాడు. 2012లో యాహూ పది పేటెంట్లతో ఫేస్‌బుక్ మీద దావా వేసినప్పుడు, తాను నమ్మి సంతకాలు పెట్టిన ఆ మాట ఏమైందని ఆయన బాధపడుతూ బహిరంగంగా రాశాడు. కంపెనీ దివాలా తీస్తే ఇంకో కథ. కెనడాలో నోర్టెల్ అనే టెలికాం కంపెనీ మునిగిపోయాక దాని పేటెంట్ల గుట్ట 2011లో 450 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది, 2013లో వాటితో గూగుల్ మీద, ఫోన్ల కంపెనీల మీద కేసులు మొదలయ్యాయి. వాటిని రాసిన ఇంజనీర్లని ఎవరైనా అడిగారా?

పెద్దవాళ్లు పెద్దవాళ్ల మీద వేసుకుంటే ఏముందిలే అనుకుంటావేమో. తగిలేది చిన్నవాళ్లకే. 2011లో లాడ్‌సిస్ అనే కంపెనీ, యాప్‌లో కొనుగోలు బటన్ పెట్టినందుకు ఒకరిద్దరు మనుషులు నడుపుకునే ఐఫోన్ యాప్‌లవాళ్లకి ఉత్తరాలు పంపింది, అమెరికా ఆదాయంలో 0.575 శాతం ఇవ్వమని. ఆ బటన్ ఆపిల్ వాళ్లే తయారుచేసి ఇచ్చింది. ఆ పేటెంట్ మొదట రాసిన మనిషి దాన్ని ఎప్పుడో అమ్మేశాడు. అడిగేది చిన్న మొత్తమే, కానీ కాదని కోర్టుకెళ్తే లాయర్ల ఖర్చుకే కంపెనీ మూసేయాలి, కాబట్టి చాలామంది కట్టేస్తారు. ఇదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

నా చేతి మీదుగా జరిగింది ఒకటి చెప్తాను. 2002లో నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరిన కొత్తలో, అమెరికా కస్టమర్లకి రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రామ్ మాది. అందులో గ్రాఫులు, కంపెనీ లోగోలు జిఫ్ బొమ్మలుగా వచ్చేవి. జిఫ్ ఫార్మాట్ 1987 నాటిది, దాన్ని బిగించి చిన్నది చేసే ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద 1985లోనే పేటెంట్ ఉంది. అది నిజంగానే తెలివైన ఆవిష్కరణ, కాదనను. కానీ లోకమంతా జిఫ్ వాడడం అలవాటయ్యాక, 1994 డిసెంబరులో, జిఫ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు లైసెన్స్ ఫీజు కట్టాలని ఆ పేటెంట్ ఉన్న కంపెనీ అంది. మా కస్టమర్ లాయర్లు ఒకరోజు ఈ లైసెన్స్ మీకుందా అని మెయిల్ పెట్టారు. లేదు. మూడు వారాలు కొత్త పనులన్నీ పక్కనపెట్టి జిఫ్ పీకేసి పీఎన్‌జీ పెట్టాం. తీరా చూస్తే అప్పట్లో ఎక్కువమంది వాడే బ్రౌజర్‌లో, పారదర్శకంగా ఉండాల్సిన లోగో చుట్టూ బూడిదరంగు డబ్బా కనిపించేది, తెల్ల కాగితం మీద మరక పడినట్టు. ఆ డబ్బా పోగొట్టడానికి నేనూ, ఇంకో అబ్బాయీ ఆదివారం రాత్రి దాకా కూర్చుని లోగోలన్నిటికీ చేత్తో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ వేశాం. మరుసటి ఏడాది జూన్ 20న అమెరికాలో ఆ పేటెంట్ గడువే తీరిపోయింది. మూడు వారాలు ఆగిపోయిన మా పని వల్ల లోకానికి ఏం మేలు జరిగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అది నిజమైన ఆవిష్కరణ మీద వచ్చిన ఇబ్బంది. ఇక విరామం రెట్టింపు చేయడం లాంటి ఊరందరి బావి మీద పేటెంట్ వస్తే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

సరే, ఇప్పుడు చేయాల్సింది. చాలామంది ఇక్కడ 'నేను సంతకం పెట్టను' అని భీష్మించుకుంటారు. దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. నీ పనిలో పుట్టినదంతా కంపెనీదేనని ఆఫర్ లెటర్‌తో పాటే రాసిచ్చి ఉంటావు. ఇన్వెంటర్ సంతకం పెట్టనంటే అతని బదులు కంపెనీయే ఒక స్టేట్‌మెంట్ పెట్టి దరఖాస్తు నడిపించుకోవడానికి అమెరికా నిబంధనల్లో దారి ఉంది. కాబట్టి సంతకం మానేస్తే దరఖాస్తు ఆగదు, నీ ఉద్యోగంలో మాత్రం చికాకు మొదలవుతుంది. దాని దిశ మార్చేది నువ్వు రాసిచ్చే కాగితం. ఇన్వెన్షన్ డిస్‌క్లోజర్ ఫారంలో ఇంతకుముందు ఉన్న పద్ధతుల గురించి ఒక గడి ఉంటుంది, ప్రయర్ ఆర్ట్ అని. అందరూ అక్కడ 'ఏమీ లేవు' అని రాసి వదిలేస్తారు. నువ్వు దాన్ని నింపు. 1976 ఈథర్‌నెట్ పేపర్, మీరు వాడే లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో బ్యాకాఫ్ గురించి ఉన్న పేజీ, 2015 నాటి ఆ జిట్టర్ వ్యాసం, లింకులతో సహా. ఒకసారి అది అటార్నీ కళ్లబడితే ఆయన దాచలేడు, ఆయన లైసెన్స్ సంగతి ఉంది. మంచి అటార్నీ అయితే నీకు థాంక్స్ చెప్తాడు కూడా, ఎందుకంటే ముందే తెలిస్తే గట్టిగా నిలబడేలా రాసుకోవచ్చు.

తర్వాత, క్లెయిముల డ్రాఫ్ట్ చూపించమని అడుగు. అది నీ హక్కే, సంతకం పెట్టే ముందు చదవాలని డిక్లరేషన్ నిబంధనలే చెప్తాయి. పేటెంట్‌లో బొమ్మలు, వివరణ ఎన్ని పేజీలున్నా, హద్దురాళ్లు క్లెయిములే. మొదటి క్లెయిమ్ 'సర్వర్‌కి రిక్వెస్ట్ పంపడం, జవాబు రాకపోతే మొదటి విరామం తర్వాత మళ్లీ పంపడం, అప్పుడూ రాకపోతే అంతకంటే పెద్ద విరామం తర్వాత పంపడం' అని ఉందనుకో, ఆ హద్దులోకి ప్రపంచంలో ప్రతి ప్రోగ్రామర్ పొలమూ వచ్చేస్తుంది. అదే దాంట్లో 'ఆ బ్యాంకు పాత వైఫల్యాల నుంచి తేదీ, వేళ ప్రకారం లెక్కగట్టిన విలువతో మొదటి విరామం నిర్ణయించడం' అని చేరితే హద్దు నీ చేను దగ్గరికి జరుగుతుంది. ఒక్కో షరతు చేరేకొద్దీ హద్దు లోపలికి వస్తుంది. ఆ షరతు మొదటి క్లెయిమ్‌లోనే ఉండాలని అడుగు, ఎక్కడో పన్నెండో క్లెయిమ్‌లో కాదు. నీ ముక్క కూడా కొత్తదేనా అంటే, వైఫల్యాలు చూసి ఆగే సర్క్యూట్ బ్రేకర్ లాంటివి ముందే ఉన్నాయి కాబట్టి అవి కూడా ఆ గడిలో రాయి. జీతాలు పడే ఒకటో తారీఖు పొద్దున ఏ బ్యాంకు ఎలా కుదేలవుతుందో చూసి నువ్వు చేసిన లెక్కలో నిజంగా ఏదైనా ఉంటే అది నిలుస్తుంది.

మేనేజర్‌తో ఇంకో మాట కూడా అనొచ్చు. వేరేవాళ్లు దీని మీద పేటెంట్ తీసుకుని మన మీదకి వస్తారేమోనన్న భయం అసలు కారణమైతే, దానికి పేటెంటే అక్కర్లేదు. మన పద్ధతిని బహిరంగంగా అచ్చేస్తే చాలు, ఆ తర్వాత దాన్ని ఎవరూ కొత్తదని చెప్పుకోలేరు. ఐబీఎం 1958 నుంచి 1998 వరకు ఇందుకోసమే ఒక బులెటిన్ నడిపింది. పేటెంటే కావాలంటే, 2012లో ట్విట్టర్ తన ఇంజనీర్లతో చేసుకున్న లాంటి ఒప్పందం ఉందా అని అడుగు. ఇన్వెంటర్ అనుమతి లేకుండా ఆ పేటెంట్‌ని దాడికి వాడకూడదు, పేటెంట్ అమ్మేసినా ఆ షరతు వెంట వెళ్తుంది. మీ కంపెనీ ఒప్పుకుంటుందని చెప్పలేను. కానీ 'ఎవరి మీదా వాడం' అన్నవాళ్లని ఆ మాటే కాగితం మీద పెట్టమనడంలో తప్పేముంది?

మన దేశంలో ఎందుకు వేయట్లేదని కూడా నీకు అనుమానం రావచ్చు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి దానంతట దానికి, అల్గారిథమ్‌లకి పేటెంట్ ఇవ్వరు. 2004 చివర్లో ఆర్డినెన్స్‌తో దాన్ని సడలించబోతే 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. అమెరికాలో కూడా 2014 జూన్‌లో ఆలిస్ కేసులో సుప్రీంకోర్టు, ఉత్త ఆలోచనని (అబ్‌స్ట్రాక్ట్ ఐడియా) మామూలు కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంట్ రాదని ఏకగ్రీవంగా చెప్పింది. అప్పటి నుంచి ఇలాంటివి చాలా కూలిపోతున్నాయి, మీదీ తిరస్కరణకి గురయ్యే అవకాశం బాగానే ఉంది. ఇంకో చిన్న సంగతి, ఇక్కడ ఉండి చేసిన దాన్ని నేరుగా అమెరికాలో వేయాలంటే సెక్షన్ 39 కింద మన పేటెంట్ ఆఫీసు అనుమతి ముందే తీసుకోవాలి. లీగల్ వాళ్లు చూసుకుంటారు, అయినా ఒకసారి అడిగి పెట్టుకో.

మీ బావ మాట. ఆయన నీ మంచికే చెప్తున్నాడు. కానీ ఈబీ-1లో పేటెంట్ ఉంటే చాలదు, అది ఆ రంగంలో పెద్ద ప్రభావం చూపిందని నిరూపించాలి. ముగ్గురి పేర్లతో ఉన్న బ్యాకాఫ్ పేటెంట్‌తో ఏం నిరూపిస్తావు? బ్యాంకుల వైఫల్యాల మీద నువ్వు చేసిన ఆ లెక్కని అంకెలతో సహా ఒక మంచి పేపర్‌గా రాసి, పదిమంది వాడితే, అది ఎక్కువ పనికొస్తుంది. ఒక్కటి జాగ్రత్త, కంపెనీ పేటెంట్ వేయాలనుకుంటే, వేసేవరకు వాళ్ల అనుమతి లేకుండా బయట ఎక్కడా పెట్టకు.

డబ్బు తీసుకోవడానికి మొహమాటపడకు. నువ్వు చేసిన పనికి, నిజం రాసి ఇచ్చాక వచ్చే డబ్బు నీదే.

ఫారం గడువు శుక్రవారం అన్నావు. బుధవారం సాయంత్రానికే ఆ గడి నింపి, ఫారంతో పాటు మేనేజర్‌కీ, లీగల్ టీమ్‌కీ ఒకే మెయిల్‌లో పంపు. నాలుగు లైన్లు చాలు: విరామం రెట్టింపు చేయడం, జిట్టర్ ఇంతకుముందే ఉన్నాయి, లింకులు ఇవిగో, కొత్తదని నేను అనుకుంటున్నది ఈ భాగం మాత్రమే, క్లెయిములు దీనికే పరిమితం చేయమని కోరుతున్నా. కోపం, ఆరోపణ ఏమీ వద్దు. ఆ మెయిల్ కాపీ ఉంచుకో. క్లెయిముల డ్రాఫ్ట్ వచ్చాక ఆ వాక్యం ఎలా చదవాలో తెలియకపోతే మళ్లీ రాయి, కంపెనీ రహస్యాలేవీ పంపకుండా, నీ అనుమానం మాత్రమే.